బేస్ గిటార్‌లో పలికేది చెక్కా, తీగా?

పోయిన సంచికలో బేస్ గిటార్ కొనేటప్పుడు చూసుకోవలసిన సంగతులు రాస్తూ, కలప గురించి ఒక్క మాటతో సరిపెట్టాను: చెక్క పేరు చెప్పి ధర పెంచితే ఒప్పుకోవద్దని. మిగతా వ్యాసమంతటి మీద వచ్చిన ఉత్తరాలకన్నా ఆ ఒక్క మాట మీద వచ్చినవే ఎక్కువ. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన వాటిలో ఐదింటికి ఈసారి జవాబు చెబుతున్నాను.

ప్రశ్న: మా చర్చిలో పాటల బృందానికి బేస్ గిటార్ కొనాలని చెన్నై వెళ్ళాం. ఒకే ధరలో ఉండవలసిన రెండింటిలో యాష్ చెక్క వాడినదానికి 8,000 రూపాయలు అదనంగా అడిగారు. బాస్‌వుడ్‌తో చేసినది మొద్దుగా పలుకుతుందని, యాష్ అయితే దెబ్బ గుండెకు తగులుతుందని దుకాణంలో చెప్పారు. వాయించి చూస్తే నిజంగానే తేడా ఉంది. ఆ డబ్బు పెట్టవచ్చా?
— కావలి నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీకు తేడా వినిపించిందంటే తేడా ఉండే ఉంటుంది. అది చెక్క వల్లనే వచ్చిందన్న మాటను మాత్రం అంత తేలిగ్గా నమ్మవద్దు. ఆ రెండు గిటార్లకూ ఒకే రకం పికప్‌లు (తీగ కదలికను విద్యుత్తుగా మార్చే భాగాలు) ఉన్నాయా, తీగలు ఒకే వయసువా, తీగల ఎత్తు ఒకటేనా అన్నది అక్కడే అడగవలసింది. చాలా కంపెనీలు ఖరీదైన చెక్కతోపాటు మెరుగైన పికప్‌నూ పెడతాయి, పేరు మాత్రం చెక్కకు వస్తుంది.

ముందు వీణను తలచుకోండి. పనస దుంగను తొలిచి చేసిన కుండ, దాని మీద పలుచని పలక, పలక మీద గుర్రం, గుర్రం మీదుగా తీగలు. తీగ సన్నది కాబట్టి తనంతట తాను గాలిని కదిలించలేదు. తన కదలికను గుర్రం ద్వారా పలకకు అప్పగిస్తుంది, పలక ఊగి గాలిని ఊపుతుంది. మనం వినేది ఆ పలకనే. అందుకే వీణ చేసేవారు చెక్కను అన్నిసార్లు తట్టి చూస్తారు, అంత జాగ్రత్తగా ఆరబెడతారు. బేస్ గిటార్‌లో ఈ ఏర్పాటే లేదు. దాని బాడీ ఇంచుమించు 44 మిల్లీమీటర్ల మందమున్న గట్టి దిమ్మ. తీగల కింద పికప్ ఉంటుంది, అంటే అయస్కాంతాలూ వాటి చుట్టూ వేల చుట్లు తిప్పిన వెంట్రుకలాంటి రాగి తీగా. అయస్కాంతం పైన ఉక్కు తీగ ఊగినప్పుడు ఆ రాగి చుట్టలో కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది, దాన్నే యాంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. పికప్‌కు తెలిసింది ఉక్కు కదలిక ఒక్కటే.

అలాగని చెక్కకు ఏ పనీ లేదనడం కూడా తప్పే. తీగ రెండు కొసలూ చెక్కనే ఆనుకుని ఉన్నాయి: ఒక కొస బాడీ మీది బ్రిడ్జి, రెండో కొస నెక్ (వేళ్ళు ఆడించే పొడవాటి భాగం) మీద మీరు నొక్కిన ఫ్రెట్ (వీణ మెట్టులా అడ్డంగా ఉన్న లోహపు బద్ద). ఆ కొసలు ఎంత కదలకుండా నిలబడితే తీగలోని శక్తి అంతసేపు తీగలోనే ఉంటుంది. కొస లొంగిందంటే ఆ మేరకు శక్తి చెక్కలోకి జారిపోయి వేడిగా మారిపోతుంది. అంటే వీణలో పలక నాదాన్ని ఇస్తుంది, బేస్ గిటార్‌లో చెక్క నాదంలోంచి కొంత పుచ్చుకుంటుంది. ఏ స్వరాల దగ్గర ఎంత పుచ్చుకుంటుందన్నదే దాని గుణం. మందపాటి దిమ్మ మీద ఇనుప బ్రిడ్జి బిగించిన చోట ఈ లొంగుబాటు బహు స్వల్పం, కాబట్టి బాడీ యాష్ అయినా బాస్‌వుడ్ అయినా చెవికి అందే తేడా కొద్దిదే. సన్నగా, పొడవుగా ఉన్న నెక్ సంగతి వేరు. దాన్ని తర్వాతి జవాబులో చూద్దాం. (అన్నట్టు, బాస్‌వుడ్ పేరులోని బాస్‌కూ బేస్ గిటార్‌కూ చుట్టరికం లేదు. లోపలి బెరడు నుంచి నార తీసే చెట్టు కాబట్టి ఇంగ్లీషువారు దానికి ఆ పేరు పెట్టారు. పేరు చూసి బేస్ కోసమే పుట్టిన చెక్క అనుకునేవారు మన వైపు చాలామంది ఉన్నారు.)

ఈ చెక్కలను మొదట ఎంచుకున్నవారు నాదం కోసమే ఎంచుకున్నారా అని చూస్తే, అలా కనబడదు. కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసే దుకాణంతో మొదలుపెట్టిన లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ను యాష్ బాడీతో తెచ్చారు. 1956 నుంచి ఎక్కువ భాగం ఆల్డర్‌కు మారింది. యాష్ చారల్లో లోతైన సందులుంటాయి. వాటిని లప్పంతో పూడ్చి, తోమి, ఆ తర్వాతే రంగు వేయాలి. ఆల్డర్‌కు అంత చాకిరీ అక్కరలేదు. చారలు కనబడే లేత రంగు గిటార్లకు మాత్రం యాష్ మిగిలింది. 2020లో ఆయన పెట్టిన ఫెండర్ కంపెనీ తన మామూలు మోడళ్ళ నుంచి యాష్‌ను తప్పిస్తున్నట్టు ప్రకటించింది. అమెరికాలో ఆ చెట్లను తొలిచి చంపుతున్న పచ్చరంగు పెంకుపురుగు దీనికి ఒక ముఖ్య కారణం. అంటే చెక్క రావడానికీ, పోవడానికీ చెవికన్నా రంగూ, సరఫరా, పురుగూ పెద్ద కారణాలయ్యాయి. చెక్కే లేని బేస్‌లు కూడా వచ్చాయి: 1969లో డాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ రూపొందించగా ఆంపెగ్ కంపెనీ అమ్మిన గాజులాంటి అక్రిలిక్ బాడీ, ఆ తర్వాత పదేళ్ళకు నెడ్ స్టైన్‌బర్గర్ కార్బన్ నారతో చేసిన తలలేని బేస్. అవి బేస్‌లాగే పలికాయి, ఎన్నో పాటల్లో వినిపించాయి కూడా.

ఇక మీ 8,000 రూపాయలు. అందులో కొంత పెట్టి ముందు తీగలు మార్చి చూడండి. పైన గుండ్రటి సన్న తీగ చుట్టినవి, అంటే గుండ్రటి చుట్టు తీగలు, కొత్తలో గణగణమంటాయి. చదునైన పట్టీ చుట్టినవి, అంటే చదును చుట్టు తీగలు, మందంగా, మెత్తగా, తబలా డగ్గాను తలపించేలా పలుకుతాయి. అమెరికాలో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్‌సన్ చదును తీగలు వాడేవారు, అవీ తెగితే తప్ప మార్చేవారు కాదని ప్రతీతి. ఆయన నాదంలో ఆ పాత తీగలకూ, ఒక్క చూపుడు వేలికీ ఉన్న వాటా బాడీ చెక్కకు లేదు. మిగిలిన డబ్బు స్పీకరు కోసం దాచండి. మన మందిరాల్లో చాలావరకు సిమెంటు గోడలు, పైన రేకులు. ఆ గదిలో ఏదో ఒక స్వరం బొంయ్ మని ఉబ్బుతుంది, ఆ ఉబ్బు ముందు ఏ చెక్క తేడా నిలవదు. స్పీకరును గోడ మూల నుంచి రెండడుగులు ముందుకు జరిపి వినండి, ఖర్చు లేని మార్పు అది.

ఫోన్‌లో వీడియోలు చూసి చెక్కలను పోల్చడం మాత్రం మానండి. బేస్ గిటార్ లావు తీగను వదిలి మీటితే సెకనుకు 41 కంపనాలు. ఫోన్ స్పీకరు అంత కిందికి పలకలేదు. దానికి ఎన్నో రెట్లయిన పై కంపనాలను మాత్రమే విని, కింది స్వరాన్ని మన మెదడే పూరించుకుంటుంది.

ప్రశ్న: నా బేస్ గిటార్‌లో సన్న తీగ మీద 5వ ఫ్రెట్ దగ్గర వాయించిన స్వరం వెంటనే చచ్చిపోతోంది. దాని పక్క ఫ్రెట్లు బాగానే మోగుతున్నాయి. ఫ్రెట్ అరిగిందేమో అనుకుంటే కాదన్నారు. చెక్క మంచిది కాకపోవడమేనా? నెక్ మార్చాలా?
— ఒంగోలు నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి

జవాబు: చెక్క తన మాట చెవికి తెలిసేలా చెప్పే చోటు ఇదే, మీ ప్రశ్నకు అందుకే ఆనందించాను. దీన్ని డెడ్ స్పాట్ అంటారు. బిగించే నెక్ ఉన్న బేస్‌లలో సన్న తీగ మీద 5 నుంచి 7వ ఫ్రెట్ ప్రాంతంలో ఇది తరచుగా కనబడుతుంది. లోపమని చెప్పలేం, ఆ కొయ్య సహజ గుణం.

నెక్ ఒక చివర బాడీకి బిగించి, రెండో చివర గాలిలో వదిలేసిన బద్ద. బల్ల అంచున స్కేలు నొక్కిపట్టి వదిలితే అది తనకంటూ ఒక వేగంతో ఊగుతుంది కదా, నెక్ కూడా అంతే. ఆ వేగాలు దాని బిగువు మీద, బరువు మీద, చివర ఉన్న తల, తీగలు బిగించే మరలు ఎంత బరువన్న దాని మీద ఆధారపడతాయి. సన్న తీగ 5వ ఫ్రెట్ దగ్గర సెకనుకు ఇంచుమించు 131 కంపనాలతో ఊగుతుంది. మీ నెక్‌కు ఆ చుట్టుపక్కల సొంత వేగం ఒకటి ఉంటే, తీగ మీటగానే నెక్ దానితో జత కలిసి ఊగడం మొదలుపెడుతుంది. ఊగే శక్తి తీగదే కాబట్టి తీగ తొందరగా ఆగిపోతుంది. నెక్ ఊగడం బాగుందనిపించవచ్చు గాని, పికప్‌కు కావలసింది తీగ ఊగడం.

దీన్ని ఇంట్లోనే చూడవచ్చు. వడ్రంగులు వాడే చిన్న సి-క్లాంపు ఒకటి తెచ్చి, నాలుగు మడతల గుడ్డ అడ్డుపెట్టి, గిటార్ తలకు బిగించండి. యాంప్లిఫయర్ పెట్టకుండా, అదే తీగ మీద 3వ ఫ్రెట్ నుంచి 9వ ఫ్రెట్ దాకా ఒక్కొక్క స్వరాన్నీ ఒకే బలంతో మీటి, ఆగిపోయేదాకా సెకన్లు లెక్కపెట్టండి. నా దగ్గరున్న బేస్ మీద ఇలా చేసినప్పుడు 5వ ఫ్రెట్ బతికి, దాని కింది ఫ్రెట్ మూగబోయింది. కొనకు బరువు తగలడంతో నెక్ ఊగే వేగం తగ్గి, చచ్చే చోటు కిందికి జరిగింది. ఇదే సూత్రంతో తలకు బిగించే ఇత్తడి బరువులు కూడా అమ్ముతారు. క్లాంపుతో కుదిరితే వాటికి డబ్బు పెట్టనక్కరలేదు, చూపుకు మాత్రం కాస్త వికారంగా ఉంటుంది.

నెక్ మార్చితే తగ్గుతుందా? తగ్గవచ్చు, మరో ఫ్రెట్‌కు జరగనూవచ్చు. ఒకే మేపుల్ దుంగలో పక్కపక్కన కోసిన రెండు పలకల బరువే ఒకేలా ఉండదు, నార వాలు ఒకేలా ఉండదు. జాతి పేరు తెలిసినంత మాత్రాన ఏ ముక్క ఎక్కడ చస్తుందో చెప్పలేం. కార్బన్ కడ్డీలు పొదిగిన నెక్‌లు, పలకలు అతికించి చేసిన నెక్‌లు మరింత బిగువుగా ఉండటం వల్ల ఈ చోటును పాట ఎక్కువగా తిరిగే స్వరాల నుంచి పైకి నెట్టవచ్చు. ఇప్పటికి మాత్రం మీరు అదే స్వరాన్ని పక్క తీగ మీద 10వ ఫ్రెట్ దగ్గర వాయించండి. బేస్ వాయించేవారిలో చాలామంది తెలియకుండానే ఇలా తప్పించుకు తిరుగుతుంటారు.

ప్రశ్న: మేము కొయ్య చెంచాలు, గరిటెలు చేస్తాం. నెల్లూరులో ఆర్కెస్ట్రాలో వాయించే అబ్బాయి ఒకరు బేస్ గిటార్ బాడీ చేసిపెట్టమని అడిగారు. మా దగ్గర పాత టేకు ఉంది, పనస, వేప దొరుకుతాయి. ఎర్రచందనంతో చేస్తే నాదం బ్రహ్మాండంగా ఉంటుందని ఆయన అంటున్నారు. ఏది మంచిది?
— ఉదయగిరి నుంచి ఒక హస్తకళాకారుడు

జవాబు: భౌగోళిక గుర్తింపు దక్కిన ఉదయగిరి కొయ్య సామాను చేసే చేతులకు గిటార్ బాడీ కష్టమైన పని కాదు. చెంచా తొలిచేవారికి నార వాలు గురించి నేను చెప్పవలసింది లేదు కూడా. చెప్పవలసినవి బరువు, కొలత.

ఎర్రచందనం ఆలోచన వదిలేయండి. అనుమతి లేకుండా నరకడం, తరలించడం నేరం. అంతర్జాతీయంగానూ దాని వ్యాపారం మీద నియంత్రణ ఉంది. మన వెలిగొండల చెట్టు మనకు తెలియనిది కాదు. జపాన్‌లో షమిసెన్ అనే మూడు తీగల వాద్యానికి దాని చేవతో నెక్ చేస్తారన్న మాట నిజమే. అది సన్నని నెక్, బిగువు కోసం వాడతారు. బాడీకి వాడితే ఏమవుతుందో లెక్క చూడండి. మామూలు బేస్ బాడీలో దాదాపు 5 లీటర్ల కొయ్య ఉంటుంది. ఆల్డర్ అయితే రెండుంపావు కిలోలు, టేకు అయితే మూడుంపావు, నీళ్ళలో మునిగే ఎర్రచందనం అయితే అయిదున్నర. దీనికి నెక్, మరలు, బ్రిడ్జి కలిపి మరో 2 కిలోలు. పెళ్ళి ఊరేగింపులో ఏడున్నర కిలోలు భుజాన వేసుకుని మూడు గంటలు వాయించమని ఆ అబ్బాయిని అడగండి, ఆయనే వద్దంటారు.

నా మొగ్గు పాత టేకు వైపు. పాత ఇంటి ద్వారబంధం నుంచి తీసినదైతే ఎండిపోయి, కదలిక చాలించి ఉంటుంది. బరువు తగ్గించడానికి లోపల గదులు తొలవండి, నాదానికి హాని లేదు. అయితే టేకులో నూనె ఉంటుంది. ముక్కలు జతచేసేటప్పుడు చిత్రిక పట్టిన వెంటనే జిగురు వేయాలి, మర్నాటికి ఉంచితే అతుకు ఊడవచ్చు. మేకుల కోసం గాలించి చూడకుండా రంపానికి పెట్టవద్దు. పనస కూడా బాగుంటుంది, పసుపు రంగు కంటికి ఇంపు. వీణలో పనసకు వచ్చిన పేరు చూసి ఇక్కడా ఆ నాదం వస్తుందని మాత్రం ఆయనకు మాటివ్వకండి. వేప నార అటూ ఇటూ అల్లుకుని ఉంటుంది కాబట్టి చిత్రిక కింద లేచిపోతుంది, ఓపిక ఉంటే వాడండి. కలప అడితిలో చవకగా దొరికే జామాయిల్, సరుగుడు జోలికి పోవద్దు. ఆరేటప్పుడు మెలి తిరుగుతాయి, బీటలిస్తాయి. ఏ చెక్కయినా పచ్చిది వద్దు. అంగుళం మందానికి ఏడాది చొప్పున నీడన ఆరాలన్నది పాత లెక్క.

నాదాన్ని చెడగొట్టేది చెక్క ఎంపికకన్నా రెండు చోట్ల తప్పు పని. మొదటిది నెక్ కూర్చునే గాడి. దాని అడుగు చదునుగా ఉండాలి, నెక్‌కూ గాడి గోడకూ మధ్య కాగితం ముక్క కూడా వదులుగా దూరకూడదు. రెండోది బ్రిడ్జి చోటు. నెక్ మొదటి కొనన తీగలు ఆనే ఎముక నుంచి 12వ ఫ్రెట్‌కు ఉన్న దూరం కొలిచి, దానికి సరిగ్గా రెట్టింపు దూరంలో బ్రిడ్జి మీద తీగ ఆనాలి. మామూలు కొలతలో ఇది 432, 864 మిల్లీమీటర్లు. లావు తీగ ఆనే ముక్క ఇంకాస్త వెనక్కి జరపవలసి వస్తుంది కాబట్టి ఆ చోటు వదిలి గుర్తు పెట్టండి. పట్టీ తగిలించే పై కొమ్ము 12వ ఫ్రెట్ దాకా సాగి ఉంటే గిటార్ తల కిందికి వాలదు. నెక్ మాత్రం మొదటిసారే చేయవద్దు, తయారైన మేపుల్ నెక్ తెప్పించమనండి.

ప్రశ్న: మాది కరవది దగ్గరి పల్లె. మా తాతగారు నాదస్వరం వాయించేవారు. ఆచ్చా చెక్క, అదీ పాత ఇళ్ళ దూలాల నుంచి తీసినదే కావాలని పట్టుబట్టేవారు. చెక్క పాత్ర తక్కువని మీరు రాస్తే పెద్దల అనుభవం తప్పనా?
— ప్రకాశం జిల్లా నుంచి ఒక పాఠకురాలు

జవాబు: తప్పనను. నాదస్వర విద్వాంసులు షేక్ చిన మౌలానా 1924లో పుట్టిన కరవది పరిసరాల నుంచి వచ్చిన ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పే సాహసం కూడా లేదు. నాదస్వరంలో ఊగేది గొట్టం లోపలి గాలి. ఆ గాలికి గోడ నున్నగా, గట్టిగా, ఊపిరి తడికి ఉబ్బకుండా, ఏళ్ళు గడిచినా లోపలి కొలత మారకుండా ఉండాలి. పాత దూలం చెక్క ఆ పని చేస్తుంది. తాతగారు కోరుకున్నది ఏమీ పుచ్చుకోని చెక్కను. బేస్ గిటార్ నెక్ విషయంలో నేను కోరుతున్నదీ అదే. ఆయన చెక్కను వయసు చూసి, ఆరుదల చూసి ఎంచారు. చెన్నై దుకాణం పేరు చూసి ధర వేసింది. నా తగవు ఆ రెండోదానితోనే.

ప్రశ్న: ఫ్రెట్లుండే పలక రోజ్‌వుడ్ అయితే మెత్తగా, మేపుల్ అయితే పదునుగా పలుకుతుందంటారు. నిజమా? నెల్లూరు వాతావరణానికి ఏది మేలు?
— నెల్లూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఫ్రెట్లున్న గిటార్‌లో తీగ ఆనేది లోహానికి, పలకకు కాదు. కాబట్టి ఆ తేడా ఉన్నా అతి స్వల్పం. ఫ్రెట్లు లేని బేస్ అయితే తీగ చెక్క మీదే ఆనుతుంది. అక్కడ నల్లచేవమాను లాంటి గట్టి చెక్క స్పష్టంగా మేలు, మెత్త చెక్కను గుండ్రటి చుట్టు తీగ ఆకురాయిలా అరగదీస్తుంది. మన దేశపు రోజ్‌వుడ్ ఎగుమతి మీద 2017 జనవరిలో వచ్చిన అంతర్జాతీయ కట్టుబాటు వల్ల కంపెనీలు వేరే చెక్కలకు మళ్ళాయి. 2019 చివర్లో తయారైన వాద్యాలకు సడలింపు వచ్చింది. పలక చెక్క మారడానికి అదీ ఒక కారణం.

వాతావరణం మాట వేరు. నడివేసవి పడమటి గాలికి చెక్కలో తేమ ఎండిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు మళ్ళీ పీల్చుకుంటుంది. రెండు కాలాల్లోనూ నెక్ కదులుతుంది, ఎటు వంగుతుందన్నది నెక్ నెక్‌కూ తేడా. ఎండాకాలంలో నెక్ అంచున వేలు జరిపితే ఫ్రెట్ల కొసలు గీరుకుంటున్నాయంటే పలక కుంచించుకుపోయిందన్నమాట. ఏడాదిలో రెండుసార్లు, మే చివరనా, నవంబరు మధ్యనా, నెక్ వంపు చూసుకోండి. లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, బాడీ కలిసే ఫ్రెట్ దగ్గర రెండో చేత్తో నొక్కి, 7వ ఫ్రెట్ మీద తీగ కింద సందు చూడమని పక్కవారికి చెప్పండి. విజిటింగ్ కార్డు తీగను లేపకుండా దూరితే చాలు, అది ఇంచుమించు 0.3 మిల్లీమీటర్లు. సందు ఎక్కువైతే ట్రస్ రాడ్‌ను (నెక్ లోపల ఉండి దాని వంపును సరిచేసే కడ్డీ) కుడివైపుకు, తీగ ఫ్రెట్‌కు ఆనుతుంటే ఎడమవైపుకు, పావు తిప్పుకు మించకుండా తిప్పి, ఒక రాత్రి వదిలేసి పొద్దున మళ్ళీ కార్డు పెట్టి చూడండి.